తాడు లోపలి అందరూ

ముందు మీరు చెప్పండి, ఆ రోజు ఏం చూశారు? తప్పించుకోవద్దు. "నేను దూరంగా ఉన్నాను", "నాకు ఎవరో అడ్డొచ్చారు", "అప్పుడే తల తిప్పాను" లాంటి మాటలు ఆ తోళ్ళ కార్ఖానాలో విని విని చెవులు కాయలు కాశాయి. చూసింది చూసినట్టు చెప్పండి. గుర్తు రావడం లేదంటారా, అయితే పొద్దున్నుంచి జరిగింది వరసగా వినండి. మధ్యలో ఎక్కడో గుర్తొస్తుంది. రాక చస్తుందా!

పొద్దున ఆరింటికి తాళ్ళక్క వంటింటి గడప మీద కూర్చుని తాడుకి కొవ్వు రాస్తోంది. రోజూ చేసే పనే. గోడ మేకు నుంచి చుట్ట దించాలి, గుడ్డ పీలికకి కొవ్వు అద్దాలి, మూర తర్వాత మూర రుద్దుకుంటూ పోవాలి. నాలుగు పాయలు అల్లిన తోలు తాడు అది, నలభై బారల పొడుగు. వాళ్ళమ్మ అల్లింది. అమ్మ పోయాక తాడూ, తాడుతో పాటు పదేళ్ళ తమ్ముడూ ఆమె చేతికొచ్చారు. తాడుకి కొవ్వు రాసింది, తమ్ముడికి తల దువ్వింది. ఇప్పుడు వాడికి పెళ్ళయి, మీసాల్లో ఒకటి రెండు తెల్లవెంట్రుకలు కూడా వచ్చాయి.

"ఈ రోజు మీటింగుకి ఎన్ని బారలు, వదినా?" అని మరదలు అడిగింది. పొయ్యి దగ్గర నుంచి తల తిప్పలేదు.

"ఇంకా చెప్పలేదు."

"ఆయన లోపలా, బయటా?"

తమ్ముడే కలగజేసుకున్నాడు. "నన్ను లోపలికే పిలుస్తారు. నిన్న మడ్డి తొట్టిలో విషగాలికి పడిపోయిన ముగ్గురినీ పైకి లాగింది నేనేగా. నేను కాక ఇంకెవరు చెబుతారు?"

"అందుకే పిలవరు," అంది మరదలు, అతని కుడి చెవి వైపు వంగి. ఎడమ చెవి నెల కిందటే పోయింది. "పోయింది ఒక చెవే అనుకున్నాను. బుర్ర కూడానా?"

అతను నవ్వి, అక్క వైపు తిరిగాడు. "అవునక్కా, ఈ చెవి ఎలా పోయిందంటావు?"

"మెట్ల మీంచి పడ్డావని ఎన్నిసార్లు చెప్పాలి రా?"

"పడితే మోకాలు పగలాలి కదా!"

తాళ్ళక్క తాడు మీద గుడ్డ ఇంకా గట్టిగా రుద్దింది.

మీటింగుకి తాడు వేయడం ఆ కార్ఖానాలో పాత పద్ధతి. మొదట్లో అది మంచి పనే. పచ్చితోళ్ళు నానబెట్టే పీపా పగిలిందని పదిమంది కూర్చుంటే, మాట పీపా నుంచి బావగారి తాగుడికి, తాగుడు నుంచి ఎప్పటిదో పెళ్ళిలో జరిగిన అవమానానికి పోయి, చివరికి జుట్టూ జుట్టూ పట్టుకునేవాళ్ళు. పీపా మాత్రం కారుతూనే ఉండేది. ఒకరోజు వాళ్ళమ్మకి ఒళ్ళు మండింది. పీపా చుట్టూ తాడు పరిచి, "ఇందులో ఉన్నదాని గురించే మాట్లాడి చావండి" అంది. అంతే, లోపల కూర్చున్నవాళ్ళకి బయటివి కనిపించడం మానేశాయి. వినిపించడం కూడా మానేశాయి. పావుగంటలో పీపా సంగతి తేలిపోయింది.

ఎవరూ నోరు వెళ్ళబెట్టలేదు. తలుపు వేస్తే గది మూసుకుంటుంది, తాడు వేస్తే మాట మూసుకుంటుంది, ఇందులో వింతేముంది అనుకున్నారు. పైగా వేళాకోళాలు. "అక్కా, మా అత్తగారు వచ్చినప్పుడు ఆ తాడు ఓ గంట ఇద్దూ!"

పద్ధతికి మూడు కట్టుబాట్లు ఉండేవి. తాడు రెండు కొసలూ కలిపి ముడి వేయాలి. ముడి మీద తాడు వేసిన మనిషి కాలు పెట్టి నిలబడాలి. కాలు తీస్తే తాడు ఉత్త తోలే. నిలబడ్డ మనిషి లోపలా కాదు, బయటా కాదు, అందుకని ఆ ఒక్క మనిషికీ రెండు వైపులా కనిపిస్తుంది. మూడోది తోక. ముడి వేశాక జానెడు కొస మిగులుతుంది చూడండి, అది. ఆ తోక ఎటు చూస్తే మాట అటువైపు. లోపలికి చూడాలి.

పనిలో చేరిన మొదటి వారంలో తాళ్ళక్క పొరపాటున ఆ తోకని బయటికి తిప్పేసింది. అరగంట పాటు లోపలున్న మేనేజరు టీ కోసం అరుస్తూనే ఉన్నాడు, బయట ఒక్కరికీ వినపడలేదు. బయట ఉన్నవాళ్ళు మాత్రం వాన గురించీ చుక్కల గురించీ హాయిగా మాట్లాడుకున్నారు. వాళ్ళమ్మ పరిగెత్తుకొచ్చి తోక సరిచేసి, చెంప మీద ఒకటిచ్చింది. "లోపలున్నవాళ్ళు ఎవరికీ కాకుండా పోయారే, పిచ్చిదానా! ఆ అరగంటలో ఎవడైనా వచ్చి వాళ్ళ పీక కోసినా అడిగే దిక్కు ఉండేది కాదు."

ఆ సంగతి తాళ్ళక్కకి అప్పుడు తెలిసింది. కాపలావాళ్ళ జమేదారుకి తర్వాత తెలిసింది. అతను తెలివైనవాడు.

మేనేజర్లు మారారు. తాడు చిన్నదవుతూ వచ్చింది. అంటే తాడు అదే నలభై బారలు, పరిచేదే తక్కువ. కావలసినంత పరిచి, కొసని అక్కడే తాడుకి ముడివేసి, మిగిలింది చుట్ట చుట్టి తాళ్ళక్క భుజానికి వేసుకునేది. మంచినీళ్ళ కుళాయి గురించి మీటింగంటే కుళాయి లోపల, తాగి వాంతులు చేసుకున్నవాళ్ళు బయట. "ఇక్కడ అందరూ బాగున్నారు" అని గుమాస్తా చదివేవాడు. అది అబద్ధం కాదు, అదే అసలు చెడుగు. లోపలున్న అందరూ నిజంగానే బాగున్నారు.

జమేదారు చేసిందల్లా ఒకటే. మీటింగు జరుగుతుండగా తన మనుషులకి కళ్ళతో సైగ చేసేవాడు. వాళ్ళు తాడు దాటి బయటికి వచ్చి, ఎవరి కాలు విరవాలో విరిచి, మళ్ళీ తాడు దాటి లోపలికి వెళ్ళేవాళ్ళు. లోపలికి అడుగు పెట్టగానే బయట చేసింది వాళ్ళ మనసులో ఉండదు. "చేతులు నొప్పెడుతున్నాయేంట్రా?" అని ఒకరినొకరు అడిగేవాళ్ళు. గుమాస్తా కాగితం చదివి మేనేజరు సంతకం పెట్టాక, బయటే నిలబడి కళ్ళారా చూసినవాళ్ళకి కూడా చూసింది పోయేది. దెబ్బ తిన్నవాడికే తెలిసేది కాదు తన్నింది ఎవరో. ఒంటి మీద గాయం మాత్రం మిగిలేది. "ఎక్కడో పడ్డట్టున్నాను" అనుకుంటూ ఇంటికి పోయేవాడు.

తోలు పలచన చేసే మిషను దగ్గర చెయ్యి పోయిన ఆవిడ ఉంది. ఆవిణ్ణే మొత్తంగా బయట పెట్టి సంతకం చేశారు. ఆ తర్వాత గేటు దగ్గర, ఆస్పత్రిలో, పక్కింట్లో, ఎవరికీ ఆవిడ కనిపించలేదు. ఒక్క తాళ్ళక్కకి తప్ప. ముడి మీద నిలబడ్డదానికి మరుపు లేదు. ప్రతి పొద్దునా గేటు పక్కన ఆవిణ్ణి చూసి తాళ్ళక్క తల దించుకుని లోపలికి పోయేది.

నెల కిందట కుళాయి మీటింగులో జమేదారు స్వయంగా తాడు దాటి వచ్చాడు. ఇనప కట్టు ఉన్న కర్రతో తమ్ముణ్ణి చెవి మీద కొట్టాడు. నాలుగు దెబ్బలు. చెవిలోంచి నెత్తురు కాలరు మీదకి కారుతుంటే వాడు ముడి వైపు చూసి అరిచాడు. "అక్కా! నువ్వు చూస్తున్నావు కదా!"

చూస్తోంది. కాలు తీయలేదు. అమ్మ నేర్పిన కట్టుబాటు అని తనకి తాను చెప్పుకుంది. నిజానికి భయం.

ఎనిమిదింటికి మేనేజరు పిలిచాడు. గదిలో అతనూ, జమేదారూ, కార్ఖానా డాక్టరూ ఉన్నారు. గుమాస్తా అప్పటికే కాగితం రాసి సిరా ఆరబెడుతున్నాడు.

"ఎనిమిది బారలు చాలమ్మా," అన్నాడు మేనేజరు. "మా నలుగురి కుర్చీలూ, బల్లా, కాపలావాళ్ళ బెంచీ. అంతే."

"మడ్డి తొట్టి?"

"తొట్టిలో దిగి బతికొచ్చిన ఇద్దర్నీ బెంచీ మీద కూర్చోబెడతాం. తొట్టి వాళ్ళతో వచ్చినట్టే."

గుమాస్తా ముచ్చటగా చదివాడు. "తొట్టిలో దిగినవాళ్ళందరూ క్షేమంగా పైకి వచ్చారు. చూడండి సార్, ఎక్కడా తప్పు లేదు. తాడు లోపల ఉన్నవాళ్ళని ఒక్కొక్కర్నీ అడిగి చూసుకోవచ్చు."

"ఉప్పు గదిలో ఉన్న ముగ్గురూ?" అంది తాళ్ళక్క. చచ్చిపోయిన ముగ్గుర్నీ, పొడుగోణ్ణి, పాటగాణ్ణి, తాతయ్యని, నిన్న సాయంత్రం నుంచి ఉప్పు జల్లిన తోళ్ళ మధ్య పడుకోబెట్టి ఉంచారు.

డాక్టరు కళ్ళజోడు తుడుచుకున్నాడు. జమేదారు నవ్వాడు. "ఏయ్ తాడూ, నీకెందుకే లెక్కలు? నీ తమ్ముణ్ణి స్తంభం దగ్గర నిలబెట్టు. బయట. వాడు లాగాడంటగా ముగ్గుర్నీ. వాడికి కూడా ఉప్పు గదిలో చోటుంది."

అంత తేలిగ్గా అన్నాడు. ఎందుకనడు? సంతకం పడ్డాక ఎవరికి గుర్తుంటుంది? ఈవిడకి ఉంటుంది, ఈవిడ ఏనాడు నోరు విప్పింది కనక!

పదింటికి పెద్ద షెడ్డులో యాభై మంది పోగయ్యారు. తోళ్ళు వేలాడదీసే ఇనప కొక్కేలు కొందరి భుజాల మీద అలాగే ఉన్నాయి, పని మధ్యలో పిలిచారు కదా. చచ్చిపోయినవాళ్ళ భార్యలు ముగ్గురు గోడకి ఆనుకుని ఉన్నారు. తమ్ముడు స్తంభం దగ్గర నిలబడి, బెంచీ మీద తన చోటు ఎక్కడా అని ఇంకా వెతుక్కుంటున్నాడు. మరదలు అతని చొక్కా వెనక నుంచి పట్టుకుని ఉంది.

తాళ్ళక్క ఎనిమిది బారలు పరిచింది. కొసని తాడుకి కలిపి ముడి బిగించింది. తోకని మడిచి బయటికి తిప్పి, దాని మీద మడమ పెట్టి నిలబడింది.

గుమాస్తా గొంతు సవరించుకున్నాడు. "ఇక్కడ ఉన్న అందరం..." అని ఆగాడు. "సార్, వాళ్ళు ఇంకా కనిపిస్తున్నారు."

"ఎవరు?"

"అందరూ."

తాడు బయట యాభై మంది ఖాళీ నేల వైపు చూశారు. బల్ల లేదు, కుర్చీలు లేవు. "మొదలైందా? ఎవరూ రాలేదేంటి?" అన్నాడు సున్నం తొట్ల దగ్గర పనిచేసే మనిషి. పక్కకి తిరిగి ఉలిక్కిపడ్డాడు. "ఓసి నువ్వా! ఎక్కడికి పోయావే ఇన్నాళ్ళు?"

చెయ్యి లేని ఆవిడ అతని పక్కనే ఉంది. "ఎక్కడికీ పోలేదు, బాబాయ్. రోజూ నీ పక్కనే నిలబడుతున్నాను. నిన్న నా కాలు తొక్కావు కూడా."

అతను ఆమె మొండి మణికట్టు పట్టుకుని బావురుమన్నాడు. అప్పుడొకరికి విరిగిన కాలు ఎలా విరిగిందో గుర్తొచ్చింది. ఇంకొకరికి పళ్ళు ఎలా ఊడాయో. గోడ దగ్గర ఒక భార్య పెద్దగా అడిగింది. "తొట్టిలో దిగినవాళ్ళందరూ పైకొచ్చారా?"

"ముగ్గురు రాలేదు," అన్నాడు తమ్ముడు. "నేను లాగింది శవాల్నే, వదినా. మూతికి తడిగుడ్డ కట్టుకుని, వాళ్ళ నడుం పట్టీలకి కొక్కెం తగిలించి లాగాను. ముగ్గురూ ఉప్పు గదిలో ఉన్నారు."

లోపల మేనేజరు లేచి నిలబడి అరుస్తున్నాడు. తాళ్ళక్కకి వినపడుతోంది, ఇంకెవరికీ వినపడటం లేదు. జమేదారు సైగ చేశాడు. ఒక కాపలావాడు కర్ర ఎత్తి తాడు దాటాడు. దాటగానే, ఎందుకొచ్చాడో మరిచిపోయి నిలబడిపోయాడు. యాభై మందిని చూశాడు, తన కర్రని చూసుకున్నాడు. ఇన్నేళ్ళుగా ఈ షెడ్డులో ఆ కర్ర చేసిందంతా ఒక్కసారిగా గుర్తొచ్చింది. కర్ర జారవిడిచి, అక్కడే వంగి కక్కుకున్నాడు.

తమ్ముడు ఎడమ చెవి తడుముకున్నాడు. నాలుగు దెబ్బలు గుర్తొచ్చాయి, ఇనప కట్టు గుర్తొచ్చింది. కొట్టిన చేతికి మాత్రం మొహం లేదు. ఆ మొహం తాడు లోపల ఉంది మరి. ఇందాకటి కాపలావాడు ఎక్కణ్ణుంచి ఊడిపడ్డాడా అని తమ్ముడు ఆ ఖాళీ నేల వైపు చూశాడు. పక్కవాడి భుజం మీంచి కొక్కెం లాక్కున్నాడు. మరదలి చేతిలో చొక్కా చిరిగింది. తాడు దాటాడు.

దాటగానే జమేదారు ఎదురుగా ఉన్నాడు.

యాభై మందికీ ఏమీ కనిపించలేదు. ఒక మనిషి ఉన్నట్టుండి లేకుండా పోయాడు, అంతే. ముడి మీద ఉన్న మనిషికి అంతా కనిపించింది. మొదటి దెబ్బకి కొక్కెం జమేదారు మెడకీ భుజానికీ మధ్య దిగింది. తమ్ముడు కాలితో తన్ని ఊడబెరికాడు. నెత్తురు గుమాస్తా కాగితం మీద చిమ్మి "అందరూ" అన్న మాటని కప్పేసింది. డాక్టరు బల్ల కిందకి దూరాడు. మిగిలిన కాపలావాళ్ళూ, తొట్టిలోంచి బతికొచ్చిన ఇద్దరూ బెంచీ వెనక నక్కారు.

తాళ్ళక్క గుండెలో ఏదో తియ్యగా కదిలింది. దాచి లాభం లేదు, తియ్యగానే కదిలింది.

ఇప్పుడామె చేతిలో ఎంత ఉందో చూడండి. కాలు కదపకుండా ఇంకొంచెంసేపు నిలబడితే చాలు, తమ్ముడు పని పూర్తి చేసి తాడు దాటి బయటికొస్తాడు. రాగానే మరిచిపోతాడు. "చేతులు నొప్పెడుతున్నాయేంటక్కా?" అంటాడు. చంపినవాడు ఉండడు, చచ్చినవాడు ఉండడు. తమ్ముడు ఇంటికొచ్చి అన్నం తింటాడు. ఇన్నేళ్ళుగా ఆ కుర్చీల్లో కూర్చున్నవాళ్ళు అనుభవించిన సుఖం అదే.

రెండో దెబ్బ మోచేతి మీద పడింది. ఎముక విరిగిన చప్పుడు వినిపించింది. జమేదారు మోకాళ్ళ మీద కూలబడి ముడి వైపు తల తిప్పాడు. ఏనాడూ "ఏయ్ తాడూ" తప్ప ఇంకో పిలుపు ఎరగని నోరు అది.

"అక్కా!" అన్నాడు. "నువ్వు చూస్తున్నావు కదా!"

చూస్తోంది. కాలు తీయలేదు.

మూడో దెబ్బ పడింది.

నాలుగోదానికి కొక్కెం పైకి లేచినప్పుడు తాళ్ళక్క నడుం దగ్గర నుంచి తోలు చెక్కే కత్తి తీసింది. కాలు తీసేస్తే సరిపోయేది, తాడు రేపటికి పనికొచ్చేది. ఆమె వంగి అమ్మ అల్లిన నాలుగు పాయల్నీ తెగ్గోసింది. ముడిని కూడా రెండుగా కోసింది.

చప్పుడంతా ఒకేసారి వచ్చింది. మేనేజరు అరుపు, జమేదారు మూలుగు, వాటితో పాటు ఇన్నేళ్ళుగా ఆ షెడ్డులో ఎవరికీ వినపడని కేకలన్నీ గోడల్లోంచి ఊడిపడ్డాయి. యాభై మంది చెవులు మూసుకున్నారు. బెంచీ వెనక కాపలావాళ్ళు తమ అరచేతుల్ని చూసుకుంటూ చిన్నపిల్లల్లా ఏడ్చారు. ముగ్గురు భార్యలూ ఉప్పు గది తలుపు దగ్గరికి పరిగెత్తారు. తమ్ముడు కొక్కెం పట్టుకుని అలాగే నిలబడ్డాడు. అందరూ అతన్నే చూస్తున్నారు. అతనికి అంతా గుర్తుంది, ఇక ఎప్పటికీ గుర్తుంటుంది.

"అక్కా," అన్నాడు నెమ్మదిగా, "నేను మెట్ల మీంచి పడలేదు కదా?"

"లేదు రా. నేను చూశాను."

జమేదారు చావలేదు. ఆ చెయ్యి మళ్ళీ లేవదని ఆస్పత్రిలో చెప్పారు. కోర్టులో ఆ కేసు ఇంకా నడుస్తోంది. ఉప్పు గదిలోని ముగ్గురి పేర్లూ, చెయ్యి పోయిన ఆవిడ పేరూ ఆ కాగితాల్లో ఉన్నాయి. వాళ్ళని ఇప్పుడు ఎవరూ తుడవలేరు. కొక్కెం దెబ్బల దగ్గరికొచ్చేసరికే పేచీ. "కొట్టింది నేను" అంటాడు తమ్ముడు. "కాలు నాది" అంటుంది తాళ్ళక్క. "ముందు నాలుగు దెబ్బలు ఎవరివో తేల్చండి" అంటుంది మరదలు. గుమాస్తా మాత్రం అక్కడ ఎంతమంది ఉన్నారో ముందు నిర్ణయించుకుందాం అంటాడు, వాడి బుద్ధి పోనిచ్చుకోలేదు.

అక్కడ ఎంతమంది ఉన్నారో అందరికీ తెలుసు. ఆ రోజు షెడ్డు తలుపు తెరిచే ఉంది. వీధిలో పోయేవాళ్ళు ఆగి తొంగి చూశారు. తాడు లేదు ఇప్పుడు. అందరూ అంటే మీరు కూడా.

అందుకే మొదట్లో అడిగింది మళ్ళీ అడగాల్సి వస్తోంది. మొదటి దెబ్బ పడింది, రెండోది పడింది, వాడు "అక్కా" అన్నాడు, మూడోది కూడా పడింది. అంతసేపూ ఆమె కాలు ముడి మీదే ఉంది, ఇదంతా వింటున్న మీ కళ్ళు ఆమె కాలి మీదే ఉన్నాయి. కాలు తియ్యమని మీరెవరూ ఒక్క కేక వేయలేదు.

చెప్పండి, ఆ మూడు దెబ్బలూ ఎవరివి?